శ్యామలక్క గరాజ్‌లోని స్నో జాకెట్లు

నిన్న మధ్యాహ్నం మీటింగ్‌లో ఉండగా డాలస్ పక్కన మా కాపెల్ ఊరి ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది.

"శ్యామల ఇక లేదు. పొద్దున గుండె ఆగిపోయింది."

పెట్టింది ప్రసాద్ గారు. శ్యామలక్క భర్త.

రెండుసార్లు చదివాను. బుర్రకి ఎక్కలేదు. మొన్న సాయంత్రమే ఫోన్ చేసి, గోంగూర పచ్చడి చేశాను, వచ్చి పట్టుకెళ్లు అన్న మనిషి.

కింద వరసగా ఓం శాంతి, ఓం శాంతి, దండం పెట్టే ఎమోజీలు.

నాలుగో మెసేజ్ ఇది.

"వెరీ సాడ్ అండి. బై ద వే, ఫ్రైడే మా మిన్నెసోటా ట్రిప్ ఉంది. గరాజ్‌లో జాకెట్లు ఎవరిని అడిగి తీసుకోవాలి?"

ఛీ.

ఆయన పేరు రాయను. ఇది చదువుతాడు. చదవాలి.

దానికి ఇంకొకావిడ రిప్లై. "మాకూ రెండు కిడ్స్ సైజ్ కావాలి, కలిపి అడగండి ప్లీజ్."

అక్క ఇంకా హాస్పిటల్లోనే ఉంది. ప్రసాద్ గారు ఆ గ్రూప్‌లోనే ఉన్నారు.

లాప్‌టాప్ మూసేసి వెళ్లి బాత్‌రూమ్‌లో కూర్చున్నాను.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. మా డాలస్ వైపు మంచు తక్కువ. అందుకని ప్రతి వింటర్‌లో మనవాళ్లు ఉత్తరాన జరిగే స్నో ఫెస్టివల్స్‌కి ఎగబడతారు. ఐస్‌తో కట్టిన కోట, మంచుతో చెక్కిన ఏనుగులు, వాటి ముందు ఫోటోలు. మూడు రోజుల ముచ్చటకి జాకెట్ ఎవరు కొంటారు? మన తెలివైనవాళ్లు స్టోర్‌లో కొని, ట్యాగ్ లోపలికి మడిచి వేసుకుని, రాగానే రిటర్న్ ఇచ్చేసేవాళ్లు.

ఒకసారి అక్క రిటర్న్ లైన్‌లో ఉంటే, ముందు మనవాడొకడు "నెవర్ యూజ్డ్" అని వాదిస్తున్నాడట. జాకెట్ చేతి మీద పసుపు మరక. కౌంటర్‌లో అమ్మాయి జేబులో చెయ్యి పెడితే పులిహోర మెతుకులు అంటుకున్న టిష్యూ వచ్చిందట.

"నాకు తల కొట్టేసినట్టయింది స్వాతీ. ఆ పిల్ల వాడి తర్వాత నన్నూ అదే చూపు చూసింది" అంది అక్క.

ఆ వారమే మొదలుపెట్టింది. పాత బట్టల షాపులు, గరాజ్ సేల్స్ తిరిగి జాకెట్లు, బూట్లు, గ్లవ్స్ పోగుచేసింది. ఉతికి, జిప్పులు బాగుచేసి, తన గరాజ్‌లో రాడ్లు కట్టి సైజుల వారీగా వేలాడదీసింది. ఎవరడిగినా ఇచ్చేది. ఒక్కటే మాట. "ఉతికి ఇవ్వండమ్మా."

ఎవడు ఉతికాడు?

సాంబారు మరకలతో ఇచ్చారు. ముక్కు తుడిచిన టిష్యూలతో ఇచ్చారు. ఒకావిడ పిల్లాడు వాంతి చేసుకున్న జాకెట్‌ని అలాగే కవర్‌లో కట్టి, బెల్ కూడా కొట్టకుండా గుమ్మంలో పడేసి పోయింది. అక్క ఆ కవర్ విప్పుతుంటే పక్కనే ఉన్నాను.

"పాపం, కార్ పడలేదేమో పిల్లాడికి" అంది.

నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఇంతమందిని మంచులోకి పంపిన అక్క ఆ ఐస్ కోటని ఒక్కసారి కూడా చూడలేదు.

చూడనివ్వనిది నేను.

రెండేళ్ల కిందట అక్క కూడా మాతో బయల్దేరింది. తనకోసం ఒక మెరూన్ జాకెట్ విడిగా పెట్టుకుంది. అప్పుడు విజయవాడ నుంచి మా అమ్మ వచ్చి ఉంది. "నాకెందుకే జాకెట్, రెండు స్వెట్టర్లు, మంకీ క్యాప్ చాలు" అంటే సరే అన్నాను. ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరే ముందు అమ్మ అవతారం చూసి అక్క ముక్కున వేలేసుకుంది. గరాజ్‌లో చూస్తే అన్నీ ఎవరెవరో పట్టుకెళ్లిపోయారు. తను వేసుకున్న ఆ మెరూన్ జాకెట్ విప్పి అమ్మకి తొడిగింది.

"నాకెలాగూ ఒళ్లు వెచ్చగా ఉంది. నేను రానులే, మీరు వెళ్లిరండి."

జ్వరం లేదు, ఏమీ లేదు. నాకు తెలుసు. అక్కడ దిగాక ఒకటి కొందాం రా అక్కా అనొచ్చు. అనలేదు. ఫ్లైట్ ఎక్కేశాను.

అమ్మ ఆ కోట ముందు పది నిమిషాలు నిలబడింది. "ఇదేం పండగే, ఫ్రిజ్‌లో తల పెట్టినట్టుంది" అని కార్‌లో కూర్చుంది. మిగతా రెండు రోజులూ హోటల్ రూమ్‌లో సీరియల్స్ చూసింది. ఆ జాకెట్ వేసుకునే.

వెళ్తూ వెళ్తూ దాన్ని సూట్‌కేస్‌లో పెట్టుకుని విజయవాడ పట్టుకెళ్లిపోయింది. విజయవాడకి! జనవరిలో కూడా ఫ్యాన్ తిరిగే ఊరికి.

అక్క ఎవరినీ ఏదీ తిరిగి అడిగే రకం కాదు. పోయిన నెల నన్ను అడిగింది.

"స్వాతీ, నా మెరూన్ జాకెట్ మీ దగ్గరుందా? ఈసారి నేనూ టికెట్ తీసుకున్నా."

నవ్వే ఎమోజీ పెట్టాను. "అది విజయవాడలో ఉందక్కా! కొత్తది కొనిస్తాలే" అని రాశాను.

కొనలేదు. వచ్చే శనివారం అక్క ఫ్లైట్.

ఆ నాలుగో మెసేజ్ పెట్టినాయన్ని చూస్తే నాకు అసహ్యం. కానీ ఆయన అక్క పోయాక అడిగాడు. అక్క బతికుండగానే నేను తన ఒంటి మీంచి తీసుకున్నాను.

ఇవాళ పొద్దున అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. అటు నుంచి బీరువా తలుపు తీసిన చప్పుడు వినిపించింది.

"ఉతికి పెట్టానే. ఈసారి వచ్చినప్పుడు ఆవిడ చేతికి ఇద్దామని. ఇప్పుడు ఎవరికివ్వను?"

ఆ గరాజ్ నుంచి వెళ్లిన వాటిలో, నాకు తెలిసి, ఉతికింది అదొక్కటే.

వెళ్లిరా అక్కా. ఎవరూ గుమ్మంలోకి వచ్చి ఏదీ అడగని చోట, వెచ్చగా కప్పుకుని, ప్రశాంతంగా పడుకో.