యూరియా అందని వరస

నూజివీడు బస్సు విజయవాడలో ఉదయం ఆరూ ఇరవైకి బయల్దేరాలి. మర్యాద గల బస్సు కాబట్టి ఆరూ నలభై దాకా అందరికోసం ఆగింది. చాట్రాయి దగ్గర మా చెల్లెలు సుజాతకు ఉన్న మామిడి తోటను చూడటానికి ఆ రోజు షావుకారు వస్తున్నాడు. అక్కడ తోటలను పూత మీదే అమ్ముతారు. షావుకారు చెట్ల కింద నడిచి, పూత చూసి, ఆ ఏటి కాయంతటికీ ఒకే రేటు చెబుతాడు. ఆ సొమ్ముతో సుజాత కొత్త బోరు వేయించాలి. పాత బోరు ఈ ఎండాకాలం దాటేలా లేదు. బేరానికి దగ్గరుండమని నన్ను పిలిచింది. ఫోనులో వ్యవసాయం వీడియోలు నేను చూసినన్ని మా వంశంలో ఎవరూ చూడలేదు కాబట్టి వెంటనే బయల్దేరాను.

టిక్కెట్టు డెబ్బై రూపాయలు. ఎండ పడకూడదనుకునేవాళ్ళు ఎడమవైపు కూర్చోవాలి. నేను కుడివైపు కూర్చున్నాను. ఆగిరిపల్లిలో ఎక్కిన పెద్దాయన నా పక్కన సర్దుకుని, "తోట ఉందాండీ?" అని అడిగాడు.

"తోట మా చెల్లెలిది. సలహాలు నావి. కార్తీక మాసంలో చెట్టుకు రెండు కిలోల యూరియా వేయించాను. ఆకు నల్లగా నిగనిగలాడుతుంటే షావుకారు చూడగానే పడిపోవాలి కదండీ."

ఆయన నన్ను పైనుంచి కింది దాకా ఓసారి చూశాడు. "అయితే ఆకు బాగుంటుందండీ" అన్నాడు. మెచ్చుకున్నాడనుకుని థాంక్స్ చెప్పాను.

ఎనిమిదింపావుకు నూజివీడు. బస్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ నలభై రూపాయలు, మంచినీళ్ళలాంటి సాంబారు ఉచితం. తొమ్మిదికి షేర్ ఆటో దొరికింది. అందులో పదకొండో మనిషిని నేను. సగం బయటికి వేలాడుతున్నందువల్ల తోటలన్నీ బాగా కనిపించాయి. ప్రతి తోటా పూతతో పసుపుగా ఉంది, వాసన రోడ్డు దాకా వస్తోంది. మా చెల్లెలి తోట ఇంకెంత బాగుంటుందోనని మురిసిపోయాను.

పదింటికి చేరాను. సుజాత గేటు దగ్గరే నిలబడి ఉంది. ఆమె వెనక తోట పచ్చగా, దట్టంగా, కొత్త చిగుళ్ళతో నిండి ఉంది. పూత మాత్రం ఎక్కడా లేదు.

"ఆలస్యంగా వస్తుందేమోలే" అన్నాను.

"నువ్వు చెప్పినట్టే వేశాను అన్నయ్యా" అంది సుజాత.

పదకొండింటికి షావుకారు స్కూటరు మీద దిగాడు. నాలుగు వరసలు నడిచి, తల పైకెత్తి, "కళ్ళు చల్లబడ్డాయండీ. మేకల్ని తోలమంటారా?" అన్నాడు.

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆయన నవ్వడం లేదు.

తోట చివరికి వెళ్ళాక ఆయన అడుగు ఆగింది. ఆఖరి వరసలో ఆరు చెట్లు రెమ్మ కనబడకుండా పూసి ఉన్నాయి. తేనెటీగలు కూడా అక్కడే ఉన్నాయి.

"ఈ వరసకేం వేశారమ్మా?"

"ఏమీ వేయలేదండీ. అన్నయ్య చెప్పిన లెక్కన వేసుకుంటూ వచ్చాం. ఇక్కడికొచ్చేసరికి యూరియా కట్టలు అయిపోయాయి."

షావుకారు నావైపు తిరిగాడు. "కాయ కోశాక, తొలకరి వానలకి వేస్తారండీ ఎరువు. పూతకి ముందు యూరియా పోస్తే చెట్టు ఆకు వేసుకుంటూ కూర్చుంటుంది. అదీ చెట్టు మొదలు దగ్గర కుప్ప పోశారు. ఎరువు తినే వేర్లు కొమ్మల చివర్ల కింద, నీడ అంచున ఉంటాయి. పోనీ, మట్టి పరీక్షన్నా చేయించారా?"

చేయించలేదు. మట్టిని నేను వీడియోలో చూశాను.

ఆయన ఆరు చెట్లకే రేటు చెప్పి వెళ్ళిపోయాడు. ఆ డబ్బుతో బోరు కాదు కదా, బోరు బండికి డీజిలు కూడా రాదు. సుజాత నన్ను తిట్టలేదు. అన్నం పెట్టి, పప్పులో నెయ్యి వేస్తూ, "బోరు వచ్చే ఏటికి చూద్దాంలే అన్నయ్యా" అంది. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఎండాకాలమంతా ఆ చెట్లకు ఆమె ట్యాంకరు నీళ్ళు కొనాలి.

భోజనమయ్యాక ఇద్దరం నాలుగైదు చోట్ల జానెడు లోతు తవ్వి, మట్టి కలిపి ఒక సంచిలో పోశాం. పరీక్షకు ఇవ్వడం నా వంతు. బయల్దేరుతుంటే ఆమె పెద్ద మూట ఒకటి నా చేతిలో పెట్టింది. మామిడాకులు.

"మీ అపార్టుమెంటులో పంచు, గుమ్మాలకు కట్టుకుంటారు. ఈ ఏడు మనకి బాగా పండింది ఇదే."

నాలుగింటికి నూజివీడులో తిరుగు బస్సు ఎక్కాను. కండక్టరు మూట చూసి లగేజీ టిక్కెట్టు తీసుకోవాలన్నాడు. విప్పి చూపించాను. ఒక ఆకు తీసి వేళ్ళతో రుద్దాడు.

"ఏంటండీ ఈ నిగనిగ! ఏం వేశారు? రెడ్డిగూడెంలో మాకూ రెండెకరాలుంది, నేనూ వేస్తాను."

నోటిదాకా వచ్చిన సలహాను మింగి, జరిగిందంతా చెప్పాను, మేకల మాటతో సహా. పక్క సీట్లవాళ్ళు కూడా విన్నారు. ఆగిరిపల్లి వచ్చేసరికి కథ అయిపోయింది. కండక్టరు నన్ను కాసేపు జాలిగా చూసి, లగేజీ డబ్బులు వద్దని ముందుకెళ్ళిపోయాడు.

ఆ తోట మీద ఈ ఏడు నేను మిగిల్చింది ఆ లగేజీ డబ్బులే.