నీచు వాసన వేసిన గౌను

అక్క గౌను కంపు కొట్టింది అమ్మ వల్ల కాదు, నా వల్ల. ఈ మాట నేను చాలా ఏళ్లు దాచాను.

కాలేజీ ఫేర్‌వెల్ కోసం అక్క నీలం శాటిన్‌తో పాదాల దాకా గౌను కుట్టుకుంటోంది. మిషను కీచుమంటుంటే, "ఒరేయ్, కాస్త నూనె వెయ్యరా," అంది. మిషను నూనె అయిపోయింది. ఏ నూనైనా ఒకటే అనుకుని, అమ్మ చేపలు వేయించి గిన్నెలో దాచిన నూనె పోశాను. మిషను మెత్తగా తిరిగింది. రాత్రి గౌను మడతపెట్టింది అమ్మే.

పొద్దున్న చూస్తే కుట్ల వెంట జిడ్డు, నీచు కంపు.

"ఛీ! చేపలు తోమిన చేత్తో ముట్టుకున్నావా అమ్మా?" అని అక్క ఏడ్చింది.

అమ్మ చేతులు వాసన చూసుకుని, "సబ్బుతో కడిగానే," అంది. అక్క ఫేర్‌వెల్‌కి వెళ్లలేదు.

మొన్న రాజమండ్రిలో చేపల వేపుడు బండి దగ్గర అదే మాడు నూనె కంపు తగిలింది. ఇంటికొస్తే, అమ్మ మా అమ్మాయి పరికిణీ మడతపెట్టబోతూ తన చేతులు వాసన చూసుకుంటోంది. ఆ గౌను పాడైనప్పటి నుంచీ చూస్తున్న అలవాటే. నా మీద నాకే రోత పుట్టింది.

అక్కకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. అమ్మ చేతులు పట్టుకున్నాను.

"అక్క గౌను కంపు కొట్టింది నీ చేతుల వల్ల కాదు, చేపలు వేయించిన నూనె మిషనులో పోసింది నేనే. క్షమించమ్మా. అక్కా, నువ్వూ."