ఉప్పు డబ్బా చెప్పిన వాన

మా బాపురావుకు ఉన్నది ఒకటే జబ్బు. పొద్దున లేచి ఊరికి వాతావరణం చెప్పకపోతే ఆయనకు తోచదు. మిగతా అన్ని విషయాల్లో బంగారం లాంటి మనిషి. వాన సంగతి వస్తే మాత్రం ఆయన నోట ఒక్క నిజం రాలేదని ఊరంతా ఒప్పుకునేది.

నేను ఆ ఊరికి బడిపంతులుగా వెళ్లింది అరవై మూడులో. బోధన్‌కు నాలుగు మైళ్లు, ఎటు చూసినా చెరుకు. ఫ్యాక్టరీకి పోయే బండ్లన్నీ బాపురావు చాయ్ హోటల్ ముందే ఆగేవి. హోటల్ అంటే నాలుగు గుంజలు, పైన ఒక రేకు, కింద రెండు బెంచీలు. వాతావరణ కేంద్రం కూడా అదే. పరికరాలు రెండు. పొయ్యి పొగ పక్కకు వాలితే గాలి. ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడు ఉప్పు వేళ్లకు అంటుకుంటే వాన.

నేను వెళ్లిన మొదటి రోజే ఆయన నా చేతుల వైపు అనుమానంగా చూశాడు.

"సారూ, గొడుగు తెచ్చుకోలేదా?"

"ఎండ మండిపోతోంది కదండీ."

"ఎండను ఏం సూస్తరు, ఉప్పును సూడుండ్రి. ఇయ్యాల వాన పక్కా."

కొత్త ఊరు, పెద్దాయన మాట. రోజంతా గొడుగు మోశాను. ఒక్క చుక్క లేదు. సాయంత్రం వెళ్లి అడిగాను.

"వాన రాలేదేమండీ?"

"ఎందుకు రాలేదు? నందిపేట్‌ల పడ్డది."

ఆయన చెప్పిన ప్రతి వానా నందిపేట్‌లోనే పడేది. ఆ లెక్కన నందిపేట్ ఈపాటికి గోదావరిలో కలిసిపోవాలి. పంచాయతీ రేడియోలో "తెలంగాణలో అక్కడక్కడ జల్లులు" అని వస్తే ఆయనకు ఒళ్లు మండేది. "హైదరాబాద్‌ల కూసున్నాయనకు మన మొగులు ఏం కనవడ్తది? అక్కడక్కడ అంటే ఎక్కడనో జెప్పుమను!" అని ఆకాశం చూపిస్తూ రేడియోతో తగువు పెట్టుకునేవాడు.

రెండో ఏడు ఫాల్గుణంలో ఈ జబ్బు బాగా ముదిరింది. కాముని పున్నమ దాటింది. ఊళ్లో దాదాపు అందరి చెరుకూ ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. కొట్టిన తోటల్లో ఎండాకు మోకాలి లోతు పడి ఉంది. దాన్ని కాల్చి నీళ్లు పెడితే కొత్త పిలకలు వస్తాయి. అందరికీ తొందరే. మధ్యలో ఒక్క తోట మాత్రం ఇంకా నిలబడి ఉంది. అది లింగవ్వది. నిరుడు భర్త పోయిన గొడవలో నాటడం ఆలస్యమైంది కాబట్టి చెరుకు కొట్టమనే ఫ్యాక్టరీ చీటీ ఇంకా రాలేదు. ఆ రెండెకరాలే ఆమెకు ఆధారం. ఆకు ఎండి కాగితంలా గలగలమంటోంది. పక్క తోటలో నిప్పు పెడితే ఒక్క రవ్వ చాలు.

ఆ పక్క తోట ఎర్రన్నది. రోజూ చొక్కా జేబులో అగ్గిపెట్టెతో హోటల్‌కు వచ్చేవాడు.

"బాపురావన్నా, ఇయ్యాల కాలుస్త."

బాపురావు పొగ చూసేవాడు. "వద్దు తమ్మీ. గాలి లేస్తది. నీ నిప్పు నీ తోటల ఆగది."

మర్నాడు ఉప్పు తడిమేవాడు. "వాన పడ్తది. ఆకు సగం కాలి సగం మిగుల్తది. రేపు సూద్దాం."

"నిన్న గాలంటివి, ఇయ్యాల వానంటివి. రేపేమంటవన్నా?"

"రేపటి ఉప్పు రేపు జెప్తది."

ఒకరోజు మాత్రం ఆయన గాలి అన్నాడు, మధ్యాహ్నం నిజంగానే గాలి లేచింది. హోటల్ మీది రేకు ఎగిరి వెళ్లి ఎర్రన్న తోటలో పడింది. అందరికంటే ఎక్కువ హడలిపోయింది బాపురావే. అయితే ఆ రేకు పుణ్యమా అని వారం దాకా ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు.

ఆ తర్వాత ఒక పొద్దున నేను కాస్త ముందుగా హోటల్‌కు వెళ్లాను. బాపురావు అటు తిరిగి, చెంబులో వేళ్లు ముంచి ఉప్పు డబ్బాలో నీళ్లు చల్లుతున్నాడు.

"బాపురావుగారూ!"

ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. "సూసిండ్రా సారూ? ఎవ్వలకూ జెప్పకుండ్రి."

"ఇదేం పని? లింగవ్వ కోసం ఆగమని అందరినీ అడగొచ్చు కదా?"

"నిరుడు ముత్తన్న తోట కోసం అడిగిన. రెండు దినాలు ఆగిండ్రు, మూడో దినం నిప్పువెట్టిండ్రు. సగం తోట బుగ్గయింది. మనిషి కోసం ఆగుమంటే రెండు దినాలు ఆగుతరు సారూ. మొగులు కోసం ఆగుమంటే నెల ఆగుతరు."

"లింగవ్వకు తెలుసా?"

"తెలిస్తె చెరుకు గడతోటి కొడ్తది. ఒకలు జాలి పడితె ఆమెకు నచ్చది."

ఇన్నాళ్లూ ఈయనను చూసి నవ్వుకున్నందుకు నాకు సిగ్గేసింది. ఆ రోజు నుంచి నేను గొడుగు లేకుండా గడప దాటలేదు. "పంతులు సారే గొడుగు పట్టిండు, వాన గ్యారంటీ" అని జనం అనుకునేవాళ్లు. అబద్ధానికి గొడుగు పట్టడంలో అంత సుఖం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మూడు వారాలకు చీటీ వచ్చింది. లింగవ్వ ఆఖరి బండి హోటల్ ముందు ఆగింది. ఆమె బండి వెనక నుంచి వచ్చి ఒక మూట తెచ్చి బాపురావు ముందు పెట్టింది.

"ఏందవ్వా గిది?"

"ఉప్పు. ఇరవై దినాల సంది నీళ్లు జల్లి ఉన్నదంత ఖరాబు జేసుకుంటివి గద."

బాపురావు గబుక్కున ఉప్పు డబ్బాను వెనక్కి నెట్టాడు. లింగవ్వ నవ్వలేదు. బండి మీంచి ఒక గడ లాగింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె దాన్ని బెంచీ మీద పెట్టి, "తిను, తియ్యగున్నది" అని బండి వెంట వెళ్లిపోయింది.

బాపురావు కొత్త ఉప్పులో దర్జాగా చెయ్యి పెట్టి చూసి, రోడ్డు మీదికి వచ్చి ఊరంతా వినేలా అరిచాడు.

"ఎర్రన్నా! ఇయ్యాల గాలి లేదు, వాన లేదు! అంత సాఫ్! పోయి కాల్చుకో!"

ఆయన జీవితంలో మొదటిసారి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నేను కూడా గొడుగు ఇంట్లో పెట్టి బడికి వెళ్లాను.

సరిగ్గా రెండు గంటలకు ఉరిమింది. ఆ పైన అలాంటి ఇలాంటి వాన కాదు. నేను తడిసి ముద్దయి హోటల్‌లో దూరేసరికి ఎర్రన్న తడిసిన అగ్గిపెట్టె చూపిస్తూ మొత్తుకుంటున్నాడు.

"సాఫ్ అంటివి గదన్నా! ఏందిది?"

ఉప్పు మూటను చొక్కా కింద దాచుకుని, బాపురావు ఆకాశం వైపు తలెత్తి తీరిగ్గా చూశాడు.

"నందిపేట్‌ల పడే వాన తమ్మీ. తొవ్వ తప్పింది."