బల్ల తీసేసిన అంగడి

తిరుపతిలో నేను ఎంబీఏ చదివిన రోజుల్లో మా క్లాసులో సగం మంది కంపెనీ యజమానులే. కంపెనీలు లేవు, విజిటింగ్ కార్డులు మాత్రం ఉండేవి. బస్టాండు దగ్గరి ప్రెస్సులో కార్డులు వేయించుకుని, పేరు కింద సీఈవో అని పెట్టుకుని, ఒకరికొకరం ఇచ్చిపుచ్చుకునేవాళ్లం. క్యాంటీన్‌లో అప్పు చెప్పి టీ తాగుతూ పెట్టుబడుల గురించి మాట్లాడేవాళ్లం. నా పర్సులోనూ ఒక కట్ట కార్డులుండేవి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ అప్పుడు మాలో ఒక్కరికీ నవ్వు రాలేదు.

ఇదంతా ఒక సారు చలవ. ఆయన బెంగళూరులో ఏదో కంప్యూటర్ల కంపెనీ పెట్టి, మూసేసి, మాకు పాఠాలు చెప్పడానికి వచ్చాడు. మూసేసిన సంగతి కూడా ఎంత గర్వంగా చెప్పేవాడంటే, దివాలా తీయడం కూడా ఒక డిగ్రీయేమో అనిపించేది. మనిషి మంచివాడే. ఆయన పట్టుబట్టి పాత స్టోర్‌రూముకు సున్నం కొట్టించి, ఒక కంప్యూటరు, కొన్ని తిరిగే కుర్చీలు వేయించి ఆంట్రప్రెన్యూర్‌షిప్ సెల్ అని బోర్డు పెట్టాడు. ఆ గదిలో కూర్చుంటే చాలు, మేము మిగతా కాలేజీకంటే రెండు మెట్లు పైనున్నట్టు ఉండేది.

చివరి ఏడాది ఆయన ఒక పోటీ పెట్టాడు. కాగితం మీద ప్లానులు వద్దు, నిజంగా నడుస్తున్న ఒక చిన్న వ్యాపారాన్ని తీసుకుని మార్చి చూపించండి అన్నాడు. మార్చకముందు ఒక ఫొటో, మార్చాక ఒక ఫొటో, మధ్యలో మీరేం చేశారో చెప్పాలి. నా స్నేహితులు తిరుచానూరు వెళ్లి లాడ్జీల వాళ్లనూ పూలంగళ్ల వాళ్లనూ బతిమాలుకున్నారు. నాకు ఆ అవసరం రాలేదు. వడమాలపేటలో రోడ్డు మీదే మా నాయనకు అంగడి ఉంది.

ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు అమ్మే అంగడి అది. లోపలికి అడుగు పెట్టగానే ఎడమ చేతి వైపు గోడ పొడుగునా ఒక వేప బల్ల ఉండేది. చుట్టుపక్కల పల్లెల వాళ్లు పొద్దున బస్సుకు వచ్చి, బ్యాంకు పనో ఆఫీసు పనో చూసుకుని, తిరుగు బస్సు వచ్చేవరకు ఆ బల్ల మీద కూర్చునేవాళ్లు. సంచులు బల్ల కిందే పెట్టిపోయేవాళ్లు. ఎవరి సంచి ఏదో నాయనకు తెలుసు. సరుకు కొంటేనే కూర్చోవాలని లేదు. పక్క అంగట్లో యూరియా కొన్నవాళ్లు కూడా ఆ మూట తెచ్చి మా బల్ల కింద పెట్టి, నాయనతో మాట్లాడుతూ కూర్చునేవాళ్లు. దానికి నాయనకు కోపం రాదు, నాకు వచ్చేది.

రోజూ వచ్చేవాళ్లలో ఒకాయన ముఖ్యం. కొండ దిగువ పల్లెలో శెనక్కాయలూ కొంచెం మామిడీ పండించే రైతు. నాయనకు వరసకు బావ, నాకు మామ. నేను సాయంత్రం కాలేజీ బస్సు దిగి అంగడి ముందు నుంచి పోతుంటే, "ఏం కోడలా, ఈరోజు యాడ ఫ్యాక్టరీ పెట్టినావు?" అని కేకేసేవాడు. మధ్యాహ్నం నాయనా ఆయనా ఒకే క్యారియర్‌లో తినేవాళ్లు. మా అమ్మ ఆయన కోసమని ఒక ముద్ద సంగటి ఎక్కువే పెట్టి పంపేది.

పోటీ కోసం నేను సెలవుల్లో అంగట్లో కూర్చుని అంతా గమనించాను. ఎవరు వచ్చారు, ఏం కొన్నారు, ఎంతసేపు కూర్చున్నారు. సారు నేర్పిన లెక్క ప్రకారం అంగట్లో ప్రతి అడుగు స్థలమూ సంపాదించాలి. అన్నిటికన్నా మంచి చోటు, రోడ్డు మీద పోయేవాళ్ల కంట పడే చోటు, బల్ల తినేస్తోంది. బల్ల మీద వాళ్లు పైసా తేవడం లేదు. పైగా కొత్తగా వచ్చే కుర్రరైతులు అంతమంది పెద్దల మధ్య బేరమాడలేక గుమ్మం దగ్గరే నిలబడుతున్నారు. ఇది నేను కనిపెట్టాను. కనిపెట్టిన రోజు రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

నాయనతో చెప్పాను. బల్ల తీసేద్దాం, ఆ చోట అద్దాల ర్యాకు పెడదాం, విత్తనాల ప్యాకెట్లు, స్ప్రేయర్లు అందరికీ కనబడతాయి అన్నాను. ఆయన బల్ల వైపు చూశాడు. తల గోక్కున్నాడు. తర్వాత అడిగాడు.

"మరి వాళ్లు యాడ కూసుంటారు పాపా?"

"కస్టమర్లు కూర్చోవడానికి రారు నాయనా, కొనడానికి వస్తారు."

ఈ మాట నాది కూడా కాదు, సారుది. అయినా నాదే అన్నంత ధీమాగా చెప్పాను. నాయన ఐదో తరగతితో చదువు ఆపేసినవాడు. నేను పుస్తకం పట్టుకుని కూర్చుంటే రేడియో గొంతు తగ్గించే మనిషి. "సదువుకున్నదానివి, నీకు తెలీదా. నువ్వు సెప్పినట్టే సేద్దాంలే" అన్నాడు. ఆయన కాదని ఒక్క మాట అని ఉంటే నేను అలిగి, రెండు రోజులు మాట్లాడకుండా ఉండి, మరో అంగడి వెతుక్కునేదాన్ని. అనలేదు. కూతురి చదువుకు ఎదురు చెప్పడం ఆయనకు చేతకాని పని.

బల్లను ఇద్దరు మనుషులు మోసుకుని మా ఇంటి వెనక్కి చేర్చారు. ర్యాకు వచ్చింది. నేను ఫొటో తీసుకున్నాను.

మొదటి రోజు మామ వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. "బల్ల యాడబ్బా?" అన్నాడు. నాయన సిగ్గుపడుతూ, "పాప కాలేజీ వాళ్లు సూసేదానికి వస్తారంట బావా. ఈడంతా ఖాళీగా ఉండాలంట" అన్నాడు. మామ నా వైపు చూసి నవ్వాడు. "అయితే ఇంక మేం సరుకు కాదులే" అన్నాడు. ఎగతాళికే అన్నాడు. కాసేపు సంచి పట్టుకుని నిలబడ్డాడు. ర్యాకుకు ఆనుకోబోయి, అద్దం చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత ఎదురుగా టీ అంగడికి పోయాడు. మిగతావాళ్లూ అంతే. ఎవరూ తగాదా పడలేదు. సంచులు పెట్టడం మానేశారు, మధ్యాహ్నం పూట రావడం మానేశారు. కావలసింది కొనుక్కుని, నిలువుకాళ్ల మీదే డబ్బిచ్చి, పోతున్నారు.

వ్యాపారం దెబ్బతిన్నదని చెప్పగలిగితే నాకు కొంత బాగుండేది. దెబ్బతినలేదు. కుర్రవాళ్లు లోపలికి రావడం మొదలుపెట్టారు, అమ్మకం పెరిగింది. నా లెక్క తప్పు కాలేదు. ఇన్నేళ్లుగా నన్ను తినేస్తున్నది అదే. లెక్క తప్పితే సరిదిద్దుకోవచ్చు, సరిపోయిన లెక్కను ఏం చేసుకోను?

పోటీ రోజు నాయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, ముందు వరసలో, కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. నేను ఇంగ్లీషులో మాట్లాడాను. తెర మీద ముందు పాత అంగడి ఫొటో పడింది. బల్ల మీద మామ కాలు మీద కాలేసుకుని, నోరు తెరిచి నవ్వుతున్నాడు. "ఇదీ అసలు సమస్య" అని నేను కర్రతో ఆయన వైపు చూపించాను. హాలంతా నవ్వింది. నాయనకు ఇంగ్లీషు రాదు, అందరూ నవ్వుతున్నారు కదా అని ఆయనా నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

తర్వాత నాయనను వేదిక మీదకు పిలిచారు. బయటి నుంచి వచ్చిన జడ్జి ఒకాయన తెలుగులోనే అడిగాడు. "పాత కస్టమర్లు ఎవరైనా బాధపడ్డారా?"

నాయన మైకు వైపు కాకుండా నా వైపు చూశాడు. ఎన్నడూ అబద్ధం చెప్పని మనిషని ఆయనను పొగడను, వ్యాపారం చేసేవాడు. కానీ అంతవరకు తనవాళ్ల గురించి అబద్ధం చెప్పిన మనిషి కాదు. "లేదు సార్. ఎవురూ ఏమీ అనుకోలేదు. అందురూ బాగుండాదనే అన్నారు" అన్నాడు. చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా కొట్టింది నేనే.

నాకు మొదటి బహుమతి వచ్చింది. ఒక షీల్డు, చట్రం కట్టిన సర్టిఫికెట్. సర్టిఫికెట్ మీద అంగడి పేరు కూడా వేశారు. నాయన దాన్ని దేవుడి పటాల పక్కన మేకు కొట్టి తగిలించాడు. దీపం పెట్టేటప్పుడు దానికీ ఒక పువ్వు పెట్టేవాడు.

ఆ ఆదివారం నేను చాలా మామూలుగా అన్నాను. "నాయనా, పోటీ అయిపోయింది కదా, నీకు కావాలంటే బల్ల మళ్లీ వేయించుకో."

ఆయన నా వైపు విచిత్రంగా చూశాడు. "అదెట్లవుతుంది పాపా? అంత మంది పెద్దోళ్లు సూసి, బాగుండాదని ప్రైజిచ్చినారు. తీసుకోని మళ్లా పాత మాదిరి పెట్టుకుంటే వాళ్లను మోసం సేసినట్టు కాదా? రేపు ఎవురన్నా సూసేదానికి వస్తే నీకు మాటొస్తుంది."

"ఎవరూ రారు నాయనా."

"రాకపోతే ఏం. ఒప్పుకున్నాం గదా."

నాకు ఆయన తీరు చూసి ముచ్చటేసింది. ముచ్చటేసి ఊరుకున్నాను. అది నాటకమనీ, మార్కుల కోసం ఆడిందనీ, ఆ జడ్జీలు వడమాలపేట ఎక్కడుందో అప్పుడే మరిచిపోయి ఉంటారనీ ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు. చెబితే నా బహుమతి చిన్నదైపోతుంది. ఆ భయమే ఎక్కువ.

ఉద్యోగాలు ఇచ్చేవాళ్లమే గానీ అడిగేవాళ్లం కాదు అని సారు సెల్‌లో కూర్చుని అరిచిన మేమంతా క్యాంపస్ ఇంటర్వ్యూలకు టైలు కట్టుకుని బారులు తీరాము. చెన్నైలో నాకు ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో చెప్పింది బల్ల కథే. వాళ్లకు బాగా నచ్చింది.

శని ఆదివారాలు ఇంటికి వచ్చేదాన్ని. ఒకసారి అమ్మ రాగిపిండి కలుపుతూ అంది. "ఒక ముద్ద తక్కువే సేస్తా ఉండాను ఇప్పుడు. మీ నాయన ఒక్కడే తింటాడు గదా." నిష్ఠూరంగా అనలేదు, పిండి కొలుచుకుంటూ అంది. అంతకుముందు నాయన రాత్రి ఇంటికొస్తే ఊళ్ల కబుర్లన్నీ తెచ్చేవాడు. ఎవరి బోరులో నీళ్లు పడ్డాయి, ఎవరి ఆవు ఈనింది, ఎవరింట్లో మాటామాటా అనుకున్నారు. ఇప్పుడు కాళ్లు కడుక్కుని, "నీ ఆఫీసు సంగతులు సెప్పు పాపా" అని నా ముందు కూర్చుంటున్నాడు. నా ఆఫీసు సంగతులు ఆయనకేం అర్థమవుతాయి. అయినా వినేవాడు. ఆయన దగ్గర చెప్పడానికి ఏమీ లేదని నాకు తెలియడానికి అన్నాళ్లు పట్టింది.

నేను మరి రెండు మూడుసార్లు బల్ల మాట ఎత్తాను. ఒకసారి గట్టిగానే అన్నాను. ఆయన సర్టిఫికెట్ వైపు చూసి మాట మార్చేశాడు. నా మాట మీద తీసేశాడు, నా మాట మీదే తిరిగి వేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. నా కన్నా నా కాలేజీ మీద ఆయనకు గురి ఎక్కువ. ఆ గురి కుదిర్చిందీ నేనే.

ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, నాయనతో పాటు అంగట్లో ఉన్నాను. మామ వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు, మోకాలు వాచి కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. పురుగుమందు డబ్బా కొన్నాడు. బస్సుకు ఇంకా టైముంది. బయట ఎండ మండిపోతోంది. గుమ్మం పక్కన గోడ పట్టుకుని నిలబడ్డాడు. "ఏం కోడలా" అన్నాడు కానీ ఫ్యాక్టరీ మాట అడగలేదు.

నాయన తన కుర్చీలోంచి లేచాడు. కుర్చీని రెండు చేతులా ఎత్తాడు. సగం దూరం తెచ్చి, ఆగి, నా వైపు చూశాడు.

"పాపా, మామ రవంతసేపు కూసుంటాడు. బస్సు వచ్చేదాకానే. పరవాలేదా?"

తన అంగట్లో, తన కుర్చీకి, నన్ను అడుగుతున్నాడు. నేను నోరు తెరిచేలోపే మామ అన్నాడు. "వద్దులే బావా. పాప సూస్తా ఉండాది గదా. నేను నిలబడతాలే."

నేను లేచి కుర్చీ లాక్కుని మామ వెనక వేశాను. ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తు లేదు. మామ మెల్లగా కూర్చున్నాడు. సంచి కింద పెట్టలేదు, ఒళ్లోనే పెట్టుకున్నాడు. నాయన ర్యాకు పక్కన నిలబడ్డాడు. ఒకే క్యారియర్‌లో తిన్న ఇద్దరు మనుషులు ఇంటర్వ్యూకు వచ్చినవాళ్ల మాదిరి గమ్మున ఉండిపోయారు. నేను ఉన్నంతసేపూ వాళ్లు నోరు విప్పరని అర్థమైంది. ఫోను వచ్చిందని అబద్ధం చెప్పి బయటికి వచ్చి, రోడ్డు వైపు తిరిగి ఎండలో నిలబడ్డాను.

కాసేపటికి వెనక నుంచి నాయన గొంతు వినబడింది. మెల్లగా, ఎవరైనా వింటారేమోనన్నట్టు అంటున్నాడు.

"మాట్లాడు బావా. పాప బయటికి పోయినాది."