అవ్వ సంచి, వదిన బండి

మొన్న మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాల్చానో లేదో, మనుమరాలు వచ్చి నా ముక్కు దగ్గర ఫోను పెట్టింది. ఆఫ్రికాలో, కెన్యా అడవి అట. ఖాకీ చొక్కాలు తొడుక్కున్న ఆడపిల్లలు జీపుల పక్కన వరసగా నిలబడి ఉన్నారు. బండి నడిపేది వాళ్లే, జంతువులను చూపించేది వాళ్లే, వాళ్ల మీద పెత్తనం చేసేది కూడా ఒక ఆడమనిషే అని మనుమరాలు అబ్బురంగా చెబుతూ ఉంది. అంతలో ఒక పిల్ల, బండి ఎక్కబోతున్న ముసలమ్మ ముందు చెయ్యి చాపి ఆమె సంచి అడిగి తీసుకుంది. దాంతో నా కునుకు ఎటో ఎగిరిపోయింది. ఆ చెయ్యి చాపడం నాకు తెలుసు. ఈ పిల్లలు పుట్టకముందే మన బోధన్ కోడలు ఒకామె అదే అడవుల్లో అట్లా చెయ్యి చాపింది. ఆమె మా వదిన.

మన ఈడు వాళ్లకు బోధన్ సంగతి చెప్పనక్కరలేదు. చెరకు క్రషింగ్ మొదలైందంటే ఊరంతా పాకం వాసన, చక్కెర ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు పొడవునా చెరకు బండ్లు, వాటి వెనక మేము. ఒక బండివాడు జాలిపడి ఒక గడ లాక్కోనిచ్చాడంటే, ఇక ఆ రోజంతా వచ్చిన ప్రతి బండి మా సొంతమైనట్టే వెంటపడేవాళ్లం. నా పళ్లు నలభై దాటకముందే సెలవు తీసుకోవడానికి ఆ తీపి జ్ఞాపకాలే కారణం. మా అన్న ఆ ఫ్యాక్టరీలోనే ల్యాబులో పనిచేసేవాడు. తొంభైల్లో ఫ్యాక్టరీ రోజులు బాగాలేవన్న మాట మొదలయ్యాక, చక్కెర పని తెలిసినవాళ్లను కెన్యాలో తోటల కంపెనీలు పిలుస్తున్నాయని విని వెళ్లిపోయాడు. వెనకే వదిన వెళ్లింది.

వదినది సిరికొండ అవతల అడవి ఊరు. చిన్నప్పుడు వాళ్లమ్మ వెంట బీడీలు చుట్టే తునికాకు కోయడానికి పోయిన మనిషి, నాలుగు గోడల మధ్య ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. అన్న పొద్దంతా ఫ్యాక్టరీలో ఉంటే, ఆమె చెరకు తోటల దారుల్లో కంపెనీ జీపు నేర్చుకుంది. అక్కడే అడవి చూపించే చిన్న కంపెనీ ఒకటి నడిపే ఆ దేశపు ఆడమనిషి ఒకామె పరిచయమైంది. మగవాళ్లు తప్ప ఎవరూ చేయని ఆ పనిలోకి తాను దిగినప్పుడు నలుగురూ నవ్వారట, అందుకని ఎవరైనా ఆడది పని అడిగితే నవ్వేది కాదట. వదిన ఆమెను పెద్దక్క అనేది. మొదట పెద్దక్క క్యాంపులో వంట, తర్వాత గైడు పక్కన సాయం, ఆ తర్వాత స్టీరింగు.

ఈ కబురు బోధన్ చేరింది. గైడంటే నాకు తెలిసింది పరీక్షల ముందు కొనుక్కునే పుస్తకం ఒక్కటే, దాని దయవల్లే గట్టెక్కినవాణ్ణి. అందుకని ఇంట్లోనే ఒక గైడు తయారైందని నేను సంతోషించాను. మేము వెళ్లే చర్చి ముందర మాత్రం వేరే మాటలు నడిచాయి. కోడలు తెల్లవాళ్లను జీపులో తిప్పుతుందట, పులులకు ఎదురుపోతుందట. అక్కడ పులులు ఉండవని నేను చెప్పబోతే ఎవరూ వినలేదు. మా నాన్న, బాపు, తల పట్టుకున్నాడు. అవ్వ, అంటే మా అమ్మ, మాత్రం తానే వెళ్లి కోడల్ని ఇంటికి తోలుకొస్తానని తీర్మానించింది. ఇంగ్లీషు వచ్చునన్న పుకారు మీద నన్ను తోడు పంపారు.

మేము వెళ్లిన వారానికే వదినకు పరీక్ష పడింది. పెద్దక్క వెనక సీట్లో కూర్చుంటుంది, బండి పూర్తిగా వదిన చేతుల్లో. అంతా సక్రమంగా జరిగితే ఇక నుంచి తన బండికి తానే పెద్ద, లేకపోతే మళ్లీ వంటశాల. బండిలో ఒక దొర దంపతులు, అవ్వ, నేను. అడవి గేటు దాటకముందు గైడు అందరి సంచులూ చూడాలి, తినేది ఏదైనా ఉంటే తీసి డబ్బాలో పెట్టి మూత బిగించాలి. వదిన దొరసాని సంచి చూసింది. నా జేబులోని పల్లీల పొట్లం నిర్దాక్షిణ్యంగా లాక్కుంది. అవ్వ దగ్గరికి వచ్చేసరికి చాపిన చెయ్యి ఆగిపోయింది. అత్త సంచిలో కోడలు చెయ్యి పెట్టడం మన ఇండ్లల్లో ఎక్కడుంది? వదిన చెయ్యి వెనక్కి తీసుకుని, కొంగు సర్దుకునే అలవాటు కొద్దీ ఖాకీ చొక్కా సర్దుకుని బండెక్కింది.

ఎండ పైకెక్కుతున్న వేళ గడ్డి మైదానంలో ఏనుగుల గుంపు కనబడింది. మేము ఫొటోల సందడిలో ఉండగా, వాటిలో పెద్దది తొండం పైకెత్తి గాలిని వాసన చూసి నేరుగా మా బండి వైపు నడక మొదలుపెట్టింది. అవ్వ ముఖం వెలిగిపోయింది. సంచి తెరిచి, తడి తువ్వాలలో చుట్టిన చెరకు ముక్కలు బయటికి తీసింది. అన్న ఇంటి వెనక తోటలోంచి పొద్దున్నే కోసి, చెక్కు తీసి మరీ తెచ్చిందట. మన ఊళ్లోకి ఏనుగు వస్తే అందరమూ చెరకు పెట్టినవాళ్లమే కదా. పెద్ద జీవాన్ని దాని ఇంటికి పోయి చూస్తూ ఒట్టి చేతులతో ఎట్లా పోతామని తర్వాత నన్నే ఎదురడిగింది.

వదిన వెనక్కి తిరిగి చూసింది. గొంతు పెంచలేదు.

"అత్తమ్మా, మూట కట్టు. కాళ్ల కింద పెట్టుకో. నేను సెప్పేదాక ఊ అనకు."

"ఒక్క ముక్క పెడితే పోతదేమో బిడ్డా."

"ఇయ్యాల మనం పెడితే రేపొచ్చే బండిని గూడ అడుగుతది. ఆ బండిల లేకుంటే బండినే బోర్లేస్తది."

చెరకు బండ్ల వెనక పరుగెత్తిన నా బాల్యం మొత్తం ఆ మాటలో ఉంది. నన్ను చూసే అన్నదేమో. ఆమె అద్దాలు ఎక్కించి, హారన్ జోలికి పోకుండా, బండిని నిమ్మళంగా వెనక్కి నడిపించింది. ఏనుగు చెవులు విప్పింది, నాలుగడుగులు ముందుకు వేసింది, తొండంతో దుమ్ము ఎగజల్లింది. అవ్వ మూట మీద రెండు కాళ్లూ పెట్టి ప్రార్థన గొణుగుతూ ఉంది. నేను మాత్రం ధైర్యంగా కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఏనుగు దూరంగా చెట్టుకొమ్మ విరుచుకుంటూ ఉంది.

క్యాంపు చేరాక పెద్దక్క ఒక్కటే అడిగింది, ఆ సంచి ఎవరు చూడలేదని. తానే అంది వదిన. మా అత్తగారిది, అడగలేకపోయానంది. పెద్దక్క, ఈ రోజు లెక్కలోకి రాదని, రేపు ఇదే బండి, ఇదే మనుషులతో మళ్లీ చూస్తానని, అదే ఆఖరిసారి అని చెప్పి లోపలికి వెళ్లింది. నేను అవ్వకు తెలుగులో చెప్పాను. ఆలోచిస్తే, ఇక అవ్వ చేయాల్సిందేమీ లేదు. రేపు సంచి ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంటే చాలు, కోడలు మళ్లీ వెనకాడుతుంది, వచ్చిన పని దానంతటదే అయిపోతుంది.

తెల్లవారి గేటు దగ్గర వదిన దొర దంపతుల సంచులు చూసింది, నా జేబులు దులిపింది, అవ్వ ముందుకు వచ్చి నిలబడింది. పెద్దక్క వెనక సీట్లోంచి చూస్తూ ఉంది. వదిన ఈసారి చెయ్యి చాపింది.

"అత్తమ్మా, సంచి."

అవ్వ ఆ చేతి వంక చూసింది. తర్వాత సంచి విప్పి, తానే బండి ముందు బానెట్ మీద కుమ్మరించింది. కీర్తనల పుస్తకం, దువ్వెన, రుమాలు, వాటి వెంట దొర్లుతూ నస్యం డబ్బీ ఒకటి. నలభై ఏళ్లు బాపుకు గానీ పాస్టరుకు గానీ తెలియని ఆ డబ్బీని కోడలు చూసింది, కొడుకు చూశాడు, ఏమీ అర్థంకాని దొర కూడా చూశాడు. అవ్వ తొణకలేదు. ఆ దొర దంపతుల వైపే తిరిగి అచ్చమైన మన తెలుగులో చెప్పింది:

"ఇది నా కోడలు బండి. ఆమె ఎట్ల సెప్తె అట్ల ఇనాలె. గీ బండిల అత్త లేదు, కోడలు లేదు."

దొరసాని చప్పట్లు కొట్టింది. వదిన నస్యం డబ్బీ తినే వస్తువు కాదని తేల్చి, అత్త చేతిలో పెట్టి, గుప్పిట మూసింది. ఆ రోజు ఏనుగులు మా వైపు తిరిగి చూడలేదు. సాయంత్రం పెద్దక్క తన టోపీ తీసి వదిన తలకు పెట్టింది. టోపీ కాస్త పెద్దదైంది, కళ్ల మీదికి జారింది, ఏడుపు దాచుకోవడానికి అదే పనికొచ్చింది.

బోధన్ తిరిగి వచ్చిన ఆదివారం, ఆరాధన అయ్యాక ఆడవాళ్లంతా అవ్వను చుట్టుముట్టారు. పోయింది కోడలి కోసం, వచ్చింది ఒట్టి చేతులతోనా అని ఒకామె దెప్పింది.

"నేనేంది తోల్కొచ్చుడు," అంది అవ్వ. "ఆమెనే నన్ను తోల్కపోయింది. ఏనుగుల నడుమకెల్లి మల్ల తోల్కొచ్చి ఇడిసింది."

బతికున్నన్నాళ్లూ ఆ కథ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఏనుగు కొంచెం పెరిగింది, నా ధైర్యం కొంచెం తరిగింది. వదిన ఆ అడవుల్లో చాలా ఏళ్లు బండి నడిపింది, తర్వాత అక్కడి ఆడపిల్లలకు ఆ పని నేర్పుతూ ఉండిపోయింది. ఫోనులో చెయ్యి చాపిన ఆ పిల్ల ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు తెలియదు. మా వదిన దగ్గరే అనుకుంటే నన్ను కాదనేవాళ్లెవరు?

ఇప్పుడు బోధన్‌లో ఫ్యాక్టరీ కూత లేదు, పాకం వాసన లేదు. చెరకు ఊగిన చేలల్లో వరి నిలబడి ఉంది. బస్టాండు దగ్గర రసం అమ్మే అబ్బాయిని అడిగితే గడలు ఎక్కడినుంచో లారీలో వస్తాయన్నాడు. మనుమరాలు వచ్చే ఏడు ఆ అడవి చూడాలంటోంది, నన్నూ రమ్మంటోంది. వెళ్తాను. సంచి చూపించమంటే అవ్వలాగే అంతా కుమ్మరిస్తాను. అందులో నా మందుల డబ్బా తప్ప ఏమీ దొరకదు. ఆ పెద్ద జీవాన్ని చూడటానికి మన ఊరి నుంచి తీసుకుపోవడానికి ఇప్పుడు ఒక్క చెరకు ముక్క లేదు.