నెయ్యి లెక్క

మా ఆయన ఛాతీలో పైపు వేసి ఆ రోజుకు పదకొండు రోజులు. క్షయ వల్ల రొమ్ములో కొవ్వును మోసే నాళం దెబ్బతిని, పాలలాంటి నీరు ఊపిరితిత్తి చుట్టూ చేరుతోందని పరీక్షలో తేలింది. మందులతో తగ్గకపోతే ఆపరేషన్ తప్పదన్నారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, తట్టుకుంటారని ఎవరూ చెప్పలేదు.

కేజీఎఫ్ నుంచి ఆయన ఉన్న ఆసుపత్రికి, కోలారు దగ్గరి తమకకు వెళ్తున్న బస్సు బంగారుపేటలో ఆగి కదలలేదు. పది గంటలకు డాక్టర్ వార్డుకు వస్తారు. నేను గడియారం చూసుకుంటూ, పైపు నుంచి రోజూ సీసాలోకి దిగిన నీటి కొలతలను నోటుబుక్కులో మళ్లీ కూడుతున్నాను. అవి తగ్గడం లేదు.

పక్క సీట్లోని ముసలామె నోటుబుక్కులోకి వంగి, "ఏం లెక్కమ్మా అది?" అంది.

చెప్పాను.

"మా ఆయనకీ గనిలో రొమ్ము చెడినాది. తినేదానికి ఏమిస్తా ఉండావు?"

"నూనె పదార్థాలు వద్దన్నారు. చుక్క కూడా తగలనీలేదు."

ఆమె ఆయన కోసం నా ఒడిలో ఉన్న అన్నం క్యారియర్ మూత మీద వేలు పెట్టి వాసన చూసుకుంది. "నెయ్యి గదమ్మా ఇది."

"నెయ్యి నూనె కాదు గదా. రొమ్ము జబ్బుకు బలమని మా ఇళ్లల్లో అందరం పెడతాము."

"బయటికొచ్చింది బాగా రాసినావు. లోపలికి పోయింది యాడ రాసినావు?"

ఎదురు పేజీ ఖాళీగా ఉంది. బస్సు కదిలింది. పదకొండు రోజుల పూటలు గుర్తుచేసుకుంటూ, పూటకు రెండు చెంచాల చొప్పున రాశాను. డాక్టర్ అది రెండుసార్లు చదివి, నెయ్యిలోని కొవ్వే ఆ నాళంలోంచి కారుతోందని చెప్పి, నెయ్యి, పాలు మాన్పించి, ఆపరేషన్‌ను వారం ఆపారు.

నీరు తగ్గింది; ఆపరేషన్ లేకుండానే ఇరవయ్యో రోజున పైపు తీశారు.

ఆమె ఏ స్టాపులో దిగిందో నేను చూడలేదు. అప్పుడు తల వంచుకుని నెయ్యి లెక్క రాస్తున్నాను.