‘వదలండి’ అన్న గుమస్తా

నీళ్ల ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరు గుమస్తాకి ఇరవై ఏడేళ్లుగా తిట్లు తినడమే ఉద్యోగం. ఎవరెంత గొంతు చించుకున్నా ఆయన నోట “అలాగేనండి” తప్ప మరో మాట రాదు. ఆ ‘అండి’ చివరికి ఒంటికి పట్టేసింది. చంటిపిల్లల్ని కూడా “పాలు తాగారా అండీ?” అని పలకరిస్తాడు. “దేవుడు నాకు నాలుకిచ్చి, దానికి కోపం కలపడం మర్చిపోయాడు” అని అందరికంటే ముందు తనే నవ్వేస్తాడు.

ఇలాంటి మనిషి కాపలా కుక్కల పోటీల క్లబ్బులో చేరాడనగానే ఇంటిల్లిపాదీ విరగబడి నవ్వారు. కనీసం ఒక్క ప్రాణి అయినా తన మాట వినాలన్నది ఆయన ఆశ. క్లబ్బువాళ్లు ఒక జర్మన్ షెపర్డ్‌ని అప్పగించారు. షరతు ఒకటే. ఏడాదిలో పరీక్ష నెగ్గితే కుక్క ఆయనదే, తప్పితే ఇంకొకరికి ఇచ్చేస్తారు. రెండు నెలలకే అది ఆయన చెప్పుల మీద తల పెట్టి పడుకోవడం మొదలెట్టింది. ఒక జత కొరికేసినా ఆయన కోప్పడలేదు, కోప్పడటం రాక.

శిక్షణలో “కూర్చోండి” అంటే కూర్చునేది, “వదలండి” అంటే నోట్లోది వదిలేసేది. కోచ్ తల పట్టుకునేవాడు.

“ఏంటండీ బాబూ, అది కుక్కా, మీ మామగారా? ‘వదులు’ అనండి, గట్టిగా!”

“అలాగేనండి.”

అనడానికి నోరు రాక, ఏడాదంతా ‘అండి’తోనే గడిపేశాడు.

పరీక్ష రోజున వాసన పట్టడం, పక్కనే నడవడం ఎలాగో గట్టెక్కాయి. మిగిలింది దొంగను పట్టడం. చేతికి మందపాటి గోనె తొడుగు వేసుకున్న ‘దొంగ’ పరుగెత్తాడు. కుక్క ఎగిరి తొడుగు పట్టేసింది. ఇక వదిలించాలి. మూడుసార్లు చెప్పినా వదలకపోతే పోటీ నుంచి బయటికే.

ఇంతమంది ముందు కుక్కని ‘అండి’ అంటే పరువేం కాను? ఛాతీ విరుచుకుని “వదులు!” అని అరిచాడు. ఆ గొంతు ఆయనకే కొత్త. కుక్క పట్టు బిగించింది. “వదులు!” అన్నాడు మళ్లీ. అది కళ్లు తిప్పి, ఎవరో దారినపోయేవాణ్ణి చూసినట్టు చూసింది. పరువు సంగతి సరే, కుక్కే చేజారిపోతోంది. ఇన్నాళ్లూ తన మెత్తదనం మీద తనే జోకులేసుకున్నాడు గానీ, అది నమ్ముకున్నది ఆ మెత్తదనాన్నేనని అప్పటిదాకా బుర్రకెక్కలేదు.

“వదలండి” అన్నాడు, కౌంటర్లో అన్నట్టే.

కుక్క టక్కున వదిలేసి బుద్ధిగా కూర్చుంది. మైదానమంతా గొల్లున నవ్వింది. నవ్వు ఆపుకోలేక దొంగ కూడా కూలబడ్డాడు. జడ్జి ఎడాపెడా మార్కులు కోసి, అత్తెసరు మార్కులతో నెగ్గించాడు.

“ఇక ఇది మీదేనండీ” అంటూ కోచ్ కాగితం చేతిలో పెట్టాడు. గుమస్తా చతికిలబడి కుక్క మెడ కావలించుకున్నాడు. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఇన్నేళ్లలో ఎవరితోనూ రాని చనువు ఆ క్షణాన నోట్లోకి వచ్చేసింది.

“ఏరా, ఇంటికి పోదామా?”

ఆ మాట దానికి ఎవరూ నేర్పలేదు. అయినా ఆయన లేచేలోపే గేటు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి నిలబడింది.